శాంతమ్మ కడుపులో గడ్డ

ఆపరేషన్ గదిలో మనిషి ఒంట్లోంచి ఏది తీసినా అది చివరికి ప్రభావతి బల్ల మీదికి చేరవలసిందే. ఆదోనిలో పత్తి వర్తకులు చందాలు వేసుకుని కట్టించిన ఆసుపత్రి అది. దాని వెనకవైపు రెండు గదుల్లో లాబరేటరీ ఉండేది. ముందు గదిలో రక్తం, మూత్రం పరీక్షలు జరిగేవి. లోపలి గది ప్రభావతిది. కిటికీ దగ్గర మైక్రోస్కోపు, గోడవారగా తెల్ల పలకలు పరిచిన బల్ల, అరల నిండా ఫార్మలిన్ పోసిన గాజుసీసాలు. కొత్తవాళ్ళు ఆ గదిలో అడుగుపెడితే ఘాటుకి కళ్ళు మండి నీళ్ళు కారేవి. ఆమెకు మాత్రం ఆ వాసన ఒకటి ఉందనే సంగతే గుర్తుండేది కాదు.

ప్రభావతి వాళ్ళది ఆ ఊళ్ళోనే పత్తి, వేరుశనగ కమీషన్ వ్యాపారం చేసే ఇల్లు. కర్నూలులో డాక్టరు చదివి, ఆపైన పెథాలజీ కూడా చదివి, తిరిగి సొంత ఊరికే వచ్చింది. నాడి పట్టుకోని డాక్టరమ్మ అని బజారులో నవ్వుకునేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది, కానీ పట్టించుకోలేదు. తన పని తనకు నచ్చింది. వచ్చినదాన్ని శ్రద్ధగా చూడాలి, కోసి లోపల ఏముందో తెలుసుకోవాలి, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాలి. రోగికి నచ్చజెప్పడం, ఏడుపులు వినడం, ధైర్యం చెప్పడం వార్డుల్లో తిరిగే డాక్టర్ల పని. ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా ఆమెకు ముఖం తెలిసిన రోగులు చాలా తక్కువ.

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో, తొలివానలు పడి నల్లరేగడి చేలల్లో గుంటకలు తోలుతున్న రోజుల్లో, అటెండరు ఏసన్న రెండు చేతులా పెద్ద ఎనామిల్ బేసిను పట్టుకుని మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వచ్చాడు.

"మేడమ్, జనార్ధన్ సారు పంపినారు. పగులుతాదేమో పైలం అని మళ్ళా మళ్ళా సెప్పినారు. పసిబిడ్డంత బరువుండాది."

ప్రభావతి గుడ్డ తీసి చూసింది. కాలేయంలో ఎడమవైపు భాగం, దాన్ని అంటిపెట్టుకుని చిన్న గుమ్మడికాయంత తెల్లటి గడ్డ. జనార్ధన్ ఆ ఆసుపత్రి సర్జన్. తొందరలో రాసిన చీటీ బేసినుకి అంటించి ఉంది. శాంతమ్మ, ఇరవై ఆరేళ్ళు, ఎమ్మిగనూరు, కాలేయంలో పెరిగిన గడ్డ, కాన్సరా అని.

ఇరవై ఆరేళ్ళు అన్న చోట ఆమె చూపు కాసేపు నిలిచింది. కాన్సరైతే ఈ గడ్డను తీసినా ఆ పిల్లకు మిగిలేది కొన్ని నెలలే.

చేతికి తొడుగులు వేసుకుని పని మొదలుపెట్టింది. ఏ ముక్క వచ్చినా వెంటనే కత్తి పెట్టడం ఆమెకు అలవాటు లేదు. ముందు అన్ని వైపులా తిప్పి చూస్తుంది, తూకం వేస్తుంది, కొలుస్తుంది, వేలితో మెత్తగా నొక్కి చూస్తుంది. కాలేయం అంచు ముదురు గోధుమరంగులో నున్నగా, ఆరోగ్యంగా ఉంది. గడ్డ మాత్రం నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టు తొణికింది. కాన్సరు గడ్డ ఇట్లా తొణకదు. అయినా తొందరపడి ఏమీ అనుకోకుండా, సన్నటి సూది గుచ్చి లోపలి ద్రవాన్ని సిరంజిలోకి లాగింది. చీము రాలేదు, రక్తం రాలేదు. రాతిచెలమలో ఊరిన నీళ్ళలా తేటగా వచ్చింది. సిరంజి అడుగున మాత్రం సన్నటి ఇసుకలాంటిది దిగి నిలబడింది.

ఆ ఇసుకను ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కరెంటు లేదు. కిటికీలోంచి వచ్చే ఎండను అద్దంతో కిందినుంచి మళ్ళించి కళ్ళు ఆనించింది. సన్నసన్న సంచుల్లాంటివి కనిపించాయి. ఒక్కోదానిలో వంకర ముళ్ళు వలయంలా పేర్చి ఉన్నాయి.

"దొరికింది," అంది తనలో తాను.

హైడాటిడ్ జబ్బు అది. కుక్క పేగుల్లో ఒక పిసరంత పురుగు ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి గడ్డికి, మట్టికి, కుక్క బొచ్చుకి అంటుకుంటాయి. మేసే గొర్రె వాటిని మింగితే దాని కాలేయంలో నీటి తిత్తులు లేస్తాయి. ఆ కాలేయాన్ని తిన్న కుక్కలో మళ్ళీ పురుగు పుడుతుంది. మధ్యలో ఏ మనిషైనా ఆ గుడ్డును నోట్లో పెట్టుకుంటే, గొర్రెకు లేచే తిత్తే ఆ మనిషిలో కూడా లేస్తుంది.

తరువాత గడ్డను నిలువునా కోసింది. లోపల లేతకొబ్బరి మీగడలాంటి తెల్లటి పొర, ఆ పొర సందుల్లో ద్రాక్షపండ్లంత చిన్న తిత్తులు. కాలేయాన్ని పలచగా ముక్కలు ముక్కలుగా కోసి ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడా గట్టిపడిన చోటు లేదు, రంగు మారిన చోటు లేదు. కొన్ని ముక్కలను మైనంలో బిగించడానికి పక్కకు తీసి, మిగిలినదంతా పెద్ద గాజుసీసాలో ఫార్మలిన్ పోసి పెట్టించింది. మైనపు ముక్కలను కోసి, రంగులద్ది చూసేవరకు ఆగకుండా ఆ సాయంత్రమే జనార్ధన్‌కు కబురు చేసింది, కాన్సరు కాదు, నీటి తిత్తి అని. రంగులద్దిన పలకలు కూడా తరువాత అదే చెప్పాయి.

మామూలుగా అయితే ఆమె పని అంతటితో అయిపోవాలి.

కానీ వారం తిరక్కముందే ఒక మనిషి లాబరేటరీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. పంచె, భుజాన తువ్వాలు, గడ్డం మాసి ఉంది.

"అమ్మా, నా పేరు వీరన్న. మాది కోడుమూరు. మా చెల్లెలు శాంతమ్మ కడుపులోంచి తీసింది మీ తావనే ఉండాదంట. అది మాకి ఇప్పించండమ్మా."

అప్పుడప్పుడు కాలో వేలో తీసేసినవాళ్ళ మనుషులు వచ్చి అట్లా అడగడం ఆమెకు తెలుసు. "పూడ్చుకునేదానికా?" అని అడిగింది.

"కాదమ్మా. సూపించేకి."

"ఎవరికి?"

వీరన్న గోడకు ఆనుకుని నిలబడి చెప్పుకొచ్చాడు. శాంతమ్మను ఎమ్మిగనూరులో లక్ష్మప్ప అనే నేతగానికి ఇచ్చారు. మంచి పనివాడు. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి పోయాడు. నాలుగేళ్ళ కూతురు నీల, అత్త ఈరమ్మ, శాంతమ్మ, ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురే. మొగుడు కూర్చున్న మగ్గం గుంటలోనే శాంతమ్మ కూర్చుని నేసింది. అత్తాకోడళ్ళు ఒకరికొకరు అన్నట్టే ఉన్నారు. ఉండగా ఉండగా శాంతమ్మ కడుపు ఎత్తుగా కనబడసాగింది. మొదట్లో ఆమె కూడా గ్యాసేమో అనుకుని వాము నమిలింది. కడుపు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఈరమ్మ ఒక రోజు కోడలిని నిలదీసి, ఏం చెప్పినా వినకుండా, మనవరాలిని తన దగ్గరే పెట్టుకుని కోడలిని పుట్టింటి బస్సు ఎక్కించింది.

"కడుపులో గడ్డ అని ఆపరేషన్ సేయించుకుంటే ఇంగేమంటాండారో తెలుసునా? ఆదోనికి పోయి కడుపు తీయించుకున్నాదంట! కడుపు పెద్దదైనా తప్పే, సిన్నదైనా తప్పే అయిపోయినాదమ్మా. పాపను అడిగేకి పోతే ముసిల్ది తలుపేసుకున్నాది. ఆ సీసా తీసుకపోయి నలుగురు పెద్దమనుషుల ముందర పెట్టి, ఇదిగో ఇదీ మా చెల్లెలి కడుపులో ఉండింది అని సూపించల్ల."

ప్రభావతి వెనక్కి తిరిగి చూసింది. సీసా అరలోనే ఉంది. ఇస్తే అతను చెప్పినట్టు నలుగురి నోళ్ళూ మూతపడవచ్చు. కానీ అది ఒక ఆడమనిషి ఒంట్లో భాగం. సంత కూడలిలో పెట్టి చూపించడం అనుకుంటేనే ఎందుకో చేతులు రాలేదు.

"మీ చెల్లెలు అడగమన్నాదా?"

వీరన్న తల వంచుకున్నాడు. "దానికి తెలీదమ్మా."

"అయితే ముందు ఆమెను అడుగుదాం పదప్పా," అని ఆమె లేచింది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద శాంతమ్మ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి. చెంపలు లోపలికి పోయినా కళ్ళలో అలసట లేదు. మంచం కోడుకు చీరకొంగు దారం ఒకటి చుట్టి, ఊరికే వేళ్ళతో మెలిపెడుతోంది. అన్న చెప్పిందంతా వింది.

"వద్దన్నా," అంది. "సీసా సూపించి నన్ను నమ్మండప్పా అని అడుక్కోవల్లా? ఈ పొద్దు ఇది అడిగినోళ్ళు రేపు ఇంగోటి అడుగుతారు. నా కడుపులోంచి తీసింది నలుగురు మొగోళ్ళ మధ్యలో పెట్టి, వాళ్ళు దాన్ని అట్ల ఇట్ల తిప్పి సూసి, ఆ, మంచిదే అనల్లా? నాకొద్దు."

"మరి పాప?" అన్నాడు వీరన్న.

దారం మెలిపెట్టే వేళ్ళు ఆగిపోయాయి. శాంతమ్మ ప్రభావతి వైపు తిరిగి, "అది ఏందమ్మా? యాడినుంచి వచ్చినాది నా కడుపులోకి? నాకెవురూ సరిగా సెప్పలేదు," అంది.

ప్రభావతి మంచం అంచున కూర్చుంది. తాను రాసే రిపోర్టులో అయితే ఆ సంగతి నాలుగు వాక్యాలు. ఈ మనిషికి చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. కుక్కల గురించి, గొర్రెల గురించి, గుడ్ల గురించి తేలిక మాటల్లో చెప్పింది. అంత పెద్దది కావాలంటే ఏళ్ళు పడుతుంది, పెళ్ళికి ముందునుంచే నీ లోపల ఉండి ఉంటుంది అని కూడా చెప్పింది.

"మా ఇంట్లో అప్పుడు మేకలుండె, కుక్కలుండె," అన్నాడు వీరన్న. "ఇది సిన్నప్పుడు కుక్కపిల్లల్ని పక్కలో ఏసుకుని పండుకునేది."

శాంతమ్మ గబుక్కున మంచం మీదినుంచి కాళ్ళు కిందికి దించింది. కుట్లు లాగినట్టున్నాయి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎమ్మిగనూరులో మా ఇంట్లో కుక్కుండాదమ్మా. కరియ అని పేరు. నీల నాయన దాన్ని పిల్లప్పుడు తెచ్చి సాకినాడు. నీల దాన్ని వదిలిపెట్టి ఉండదు. అన్నం తింటాంటే అది పక్కనే కూచుంటాది. వీధి కొసన మాంసం అంగళ్ళకాడికి పోయి యాడయాడివో తిని వస్తాది, మళ్ళా పాపను నాకుతాది." ఆమె ప్రభావతి చెయ్యి పట్టుకుంది. "నన్ను గడప తొక్కనియ్యరు. మా అన్నను తరిమేస్తారు. మీరు పోయి సెప్తే ఇంటారు. పాప కోసం ఏమైనా సెప్పండి. నా కోసం మాత్రం బతిమాలద్దండి."

జనార్ధన్ ఈ సంగతి విని ఆశ్చర్యపోయాడు. "మీరు లాబరేటరీ గడప దాటి ఇంకో ఊరికి పోతారా?" అని నవ్వాడు. ఆ తరువాత నవ్వు ఆపి, "పోండి. పాపను తెస్తే నేను చూస్తాను," అన్నాడు.

మరునాడు పొద్దున ఆమె ఎమ్మిగనూరు బస్సెక్కింది. నేతగాళ్ళ వీధిలో ప్రతి ఇంటినుంచీ మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. వీధి పొడుగునా రంగురంగుల పడుగులు సాగదీసి గంజి పెడుతున్నారు. ఆమె వాటి పక్కనుంచి ఒదిగి నడుస్తూ, అడుగుతూ అడుగుతూ ఈరమ్మ ఇల్లు చేరింది.

ఈరమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నుదుట విభూతి, ముడతలు పడిన గట్టి ముఖం. కింద మట్టిలో చిన్నపిల్ల ఒకతె నల్లకుక్క మెడ చుట్టూ చేతులు వేసి దాని చెవిలో ఏదో చెబుతోంది.

ఆదోని ఆసుపత్రి డాక్టర్ని అనగానే ఈరమ్మ రాట్నం ఆపింది.

"దాని పేరు ఎత్తేకి వచ్చింటే ఈడనుంచే పొమ్మా. మాకి పనుండాది."

"నేను శాంతమ్మ కోసం రాలేదు, నీల కోసం వచ్చినాను," అంది ప్రభావతి. "ఆ కుక్క కోసం వచ్చినాను."

ముసలమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టే వినింది. ప్రభావతి అరుగు కొసన కూర్చుని పురుగు సంగతి చెప్పింది. అంతా విని ఈరమ్మ తల అడ్డంగా ఊపింది.

"మేము మాంసం ముట్టే జనం కాదు. గొర్రె జబ్బు మా ఇంటికేల వస్తాది? కతలు సెప్పద్దు."

"మీరు ముట్టకపోయినా మీ కుక్క ముడుతుంది కదమ్మా. నా మాట నమ్మద్దు. నాతో వీధి కొసదాకా రాండి, మీ కండ్లతోనే చూద్దురు."

ఈరమ్మ పంతం కొద్దీ లేచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందు నడిచింది. నీల వెనకాల, నీల వెనకాల కరియ.

మాంసం అంగడిలో ఖాసిం సాబు గొర్రెను కోసి వేలాడదీసి ఉన్నాడు. ప్రభావతి అడిగింది విని అతనికి ముందు వింతగా తోచినా, డాక్టరమ్మ కదా అని పక్కన గంపలో పడేసిన ముక్కల్లోంచి ఒక గొర్రె కాలేయం తీసి ఆకు మీద పెట్టాడు. దాని మీద తెల్లటి బుగ్గలు రెండు లేచి ఉన్నాయి.

"ఇట్లాటివి కొన్ని గొర్రెల్లో వస్తుంటాయమ్మా. గిరాకీలు తీసుకోరు. కుక్కలకు పారేస్తాం," అన్నాడు.

ప్రభావతి సంచిలోంచి తొడుగులు తీసి వేసుకుంది. ఏళ్ళుగా చేస్తున్న పనే. కానీ నలుగురు గుమిగూడి చూస్తుండగా వీధిలో చేయడం ఇదే మొదలు. చిన్న కత్తితో ఒక బుగ్గను జాగ్రత్తగా చీల్చింది. తేటనీళ్ళు కారిపోయాయి. లోపలి తెల్లపొరను కత్తి మొనతో ఎత్తి చూపించింది. పొరలో చిన్నచిన్న బుడగలు మెరిశాయి. వైద్య పుస్తకాల్లో పెద్ద తిత్తిని తల్లి అని, లోపలి వాటిని కూతుళ్ళని పిలుస్తారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇక్కడ, ఈ ముసలమ్మ ముందర, ఆ మాట అనకూడదని ఆమె మింగేసింది. "ఇవి పెరిగే తిత్తులు," అని మాత్రం అంది.

ఈలోగా కరియ జనంలోంచి దూరి వచ్చి గంప పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే అన్నట్టు కూర్చుని, తోక ఆడిస్తూ ఆ కాలేయం వైపే చూస్తోంది. ఖాసిం సాబు అలవాటుగా ఇంకో ముక్క తీసి దాని ముందు వేయబోయాడు.

"వెయ్యద్దు!" అని అరిచింది ఈరమ్మ.

కుక్క దగ్గరికి పోబోతున్న మనవరాలిని రెక్క పట్టుకుని లాగి చంకనెత్తుకుంది. పిల్ల నోట్లో వేలు పెట్టుకోబోతే ఆ వేలు లాగేసింది. పిల్ల ఏడుపు అందుకుంది. ఈరమ్మ పెద్దపెద్ద అంగలు వేస్తూ ఇంటికి పోయి, నీళ్ళతొట్టి దగ్గర నిలబెట్టి, సీకాయపొడి వేసి దాని చేతులు మోచేతుల దాకా రుద్దసాగింది. ప్రభావతి చిన్నగా వెనకనే వచ్చి నిలబడింది. ముసలమ్మ తల ఎత్తకుండానే కోడలి గురించి అడిగింది.

"దాని కడుపులో ఉండింది ఇదేనా?"

"ఇదే."

"ఇంతనా?"

"ఇంతకంటే చాలా పెద్దది. మీ కొడుకు బతికి ఉన్నప్పుడే అది లోపల ఉంది. బయటికి కనబడింది మాత్రం ఇప్పుడు."

ఈరమ్మ పిల్ల చేతులు రుద్దడం ఆపింది. చెంబులో నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. "లేచి తిరుగుతాండాదా?" అంది చివరికి.

"తిరుగుతా ఉంది. పాపను ఒకసారి ఆసుపత్రికి తీసుకురాండి, చూస్తారు." తన కోసం బతిమాలద్దని శాంతమ్మ అన్న మాట గుర్తుంది. అందుకని అంతకు మించి ఒక్కమాట కూడా ఎక్కువ మాట్లాడకుండా బస్టాండు దారి పట్టింది.

కొన్నాళ్ళు ఏ కబురూ లేదు. శాంతమ్మను ఆసుపత్రినుంచి పంపేసే పొద్దు, వీరన్న బండి మాట్లాడటానికి బయటికి పోయి ఉండగా, ఏసన్న లోపలికి తొంగిచూసి, "మేడమ్, ఎవురో ముసలామె వచ్చినాది. సిన్నపాప కూడా ఉండాది," అన్నాడు.

ఈరమ్మ లాబరేటరీ గుమ్మం బయటే నిలబడింది. నీలను జనార్ధన్ చూశాడట. పొట్ట నొక్కి చూసి, ఎక్సరే తీయించి, ఏమీ లేదన్నాడట. ఆ సంగతి చెప్పేశాక కూడా ముసలమ్మ కదల్లేదు.

"మీ తావ ఉండాదంట కదా. అది... నేను సూడొచ్చునా?"

ప్రభావతికి అరలోంచి సీసా తీయడం ఎంతసేపు? కానీ ఆమె తీయలేదు. "అది శాంతమ్మది. ఆమెను అడగల్ల," అంది.

వార్డులో మూట కట్టుకుంటున్న శాంతమ్మకు ప్రభావతి వెంట వచ్చిన నీల ముందు కనబడింది. కుట్ల సంగతి మరిచిపోయి వంగి పిల్లను ఎత్తుకోబోతే ప్రభావతే ఆపి, మంచం మీద కూర్చోబెట్టి పిల్లను ఒళ్ళో పెట్టింది. పిల్ల తల్లి మెడలో ముఖం దాచుకుంది. ఆ తరువాత ప్రభావతి, అత్త వచ్చిందనీ, ఏమి అడిగిందో అదీ చెప్పింది.

శాంతమ్మ పిల్ల జుట్టు సవరిస్తూ ఆలోచించింది. "నేను కూడా సూడలేదమ్మా దాన్ని," అంది. "సరే. పదండి, ఇద్దరం సూస్తాం. పాపను ఈడనే ఎవరన్నా పట్టుకోండి."

కిటికీ వెలుతురులో బల్ల మీద సీసా పెట్టింది ప్రభావతి. ఒకవైపు కోడలు, ఒకవైపు అత్త. ఫార్మలిన్‌లో కాలేయం బూడిదరంగుకు తిరిగింది. తెల్లటి గడ్డ రెండు చెక్కలుగా విప్పి ఉంది. శాంతమ్మ ముందు దూరంగానే నిలబడి, తరువాత దగ్గరికి వచ్చి గాజు మీద వేలు పెట్టింది. ఘాటుకి ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. అందులో ఎంత ఘాటో, ఎంత కాదో చెప్పడం కష్టం.

ఈరమ్మ చాలాసేపు వంగి చూసింది. నడుము మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడి, కోడలి ముఖంలోకి చూడకుండా, "దీన్ని మోసుకుని గుంటలో దిగి కూచుని నేసినావా?" అంది. "నొయ్యలేదా?"

"నొచ్చినాది."

"సెప్పకపోతివే?"

"సెప్తే ఇంటివా అత్తా?"

ముసలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంటికి రా," అంది. "నేనే వీధిలో అందరికీ సెప్తాను. నా నోటితో అన్నాను, నా నోటితోనే సెప్తాను."

"సెప్పు. సెప్పల్సిందే," అంది శాంతమ్మ నిదానంగా. "కానీ నేను ఆ ఇంటికి రాను. పాపను తీసుకుంటాను. ఎమ్మిగనూరులోనే ఉంటాను, వేరేగా ఉంటాను."

ఈరమ్మ సీసా వైపు ఒకసారి చూసి, తల ఊపింది.

ఆ మాట ప్రకారమే జరిగింది. శాంతమ్మ కొన్ని నెలలు కోడుమూరులో అన్న దగ్గర ఉండి, ఒంట్లో బలం వచ్చాక ఎమ్మిగనూరులో పక్కవీధిలో ఒక గది తీసుకుని నేతగాళ్ళ సొసైటీ నుంచి నూలు తెచ్చుకుని నేయడం మొదలుపెట్టింది. ఈరమ్మ వీధిలో తాను అన్న మాటను గడపగడపకూ పోయి వెనక్కి తీసుకుంది. కొందరు నమ్మారు, కొందరు తలూపి లోపలికి పోయారు. రోజూ మధ్యాహ్నం ఆమె రాట్నం ఎత్తుకుని కోడలి గదికి వచ్చి కండెలు చుట్టి ఇచ్చి, చీకటి పడకముందే తన ఇంటికి తాను పోయేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదని, కానీ ఒక్కరోజు ముసలమ్మ రాకపోతే శాంతమ్మ పాపను పంపి కనుక్కునేదని వీరన్న చెప్పాడు. కరియను చంపేయమని వీధివాళ్ళు అన్నారట. కొడుకు సాకిన కుక్కను చంపనివ్వనని ఈరమ్మ దాన్ని పెరట్లో గొలుసుతో కట్టేసి, పశువుల డాక్టరు దగ్గర పురుగుల మందు వేయించింది.

ప్రభావతి ఆ ఏడు ఊరికే కూర్చోలేదు. ఆదోనిలో మాంసం కోసే చోటికి పోయి, చెడ్డ కాలేయాలను కుక్కలకు వేయకుండా గుంట తీసి పూడ్చమని అడిగింది. కొన్నాళ్ళు పూడ్చారు, కొన్నాళ్ళు మానేశారు, మళ్ళీ పోయి చెబితే మళ్ళీ పూడ్చారు. కోసిగి, కౌతాళం వైపు గొర్రెల కాపరుల నుంచి అట్లాంటి తిత్తులే ఇంకా కొన్ని ఆమె బల్ల మీదికి వచ్చాయి. ఒకతను ఆపరేషన్ దాకా రాకుండానే, తిత్తి లోపలే పగిలి చనిపోయాడు.

కర్నూలు కాలేజీనుంచి, విద్యార్థులకు చూపించడానికి మంచి నమూనా ఏదైనా ఉంటే పంపమని అడిగారు. శాంతమ్మది పంపితే బాగుంటుంది. అడగడానికి ప్రభావతి ఎమ్మిగనూరు పోయింది. శాంతమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. రంగు అంచు చీర సగం దాకా వచ్చింది. నీల అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది.

"సదువుకునే పిల్లోళ్ళకా?" అని అడిగింది శాంతమ్మ. "పనికొస్తాదంటే పెట్టుకోనీండమ్మా. నా పేరు మాత్రం రాయద్దండి."

"రాయం."

"కూచోండి. కాఫీ పెడతాను," అని ఆమె మగ్గం ఆపబోయింది. ప్రభావతి వద్దంది. నేస్తుంటే చూస్తానంది. శాంతమ్మ నవ్వి మళ్ళీ తొక్కుడుకర్ర మీద కాలు పెట్టింది. నాడె అటూ ఇటూ పోతుంటే పోగు పక్కన పోగు చేరి చీర మెల్లగా పెరుగుతోంది. బస్సుకు ఇంకా టైముంది. ప్రభావతి గోడకు ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.